కండువా కింద నాడి

మా ఇంట్లో బేరమాడకుండా కొన్న వస్తువంటూ లేదు. నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇత్తడి సామాన్ల కొట్టు. పెదనాన్న దగ్గర చొక్కా గుడ్డ తీసుకున్నా సరే, అమ్మ ఒకసారి విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఆయన వెనక్కి పిలిచాకే కొనేది. పిలవకపోతే ఆయనకే చిన్నతనం. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు పెట్టినప్పుడు నాకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదనుకున్నాను, ఒక్క కండువా బేరం తప్ప.

అప్పట్లో మేం యార్డులో రేటు నోటితో చెప్పేవాళ్ళం కాదు. రైతు సరుకు అమ్మిపెట్టే నేనూ, కొనే వ్యాపారీ ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపి, పైన కండువా కప్పుకునేవాళ్ళం. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అన్నది లోపలి భాష. చుట్టూ ఉన్నవాళ్ళకి రెండు మొహాలు తప్ప ఏమీ కనిపించవు, ఆ మొహాల్లోనూ ఏమీ కనిపించకూడదు. నా మొహానికి ఆ విషయంలో మంచి పేరుండేది. బస్తాల పక్కన నిలబడితే నన్ను కూడా తూకం వేసేస్తారేమో అని మా ఆవిడ అనేది.

యార్డులోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అంత మొహమూ ఉండి, ఒక సీజన్లో నా బేరాలు వరసగా దెబ్బతిన్నాయి. సరుకు బాగుంది, ఎరుపు బాగుంది, చేతిలో కాయ విరిస్తే గలగలమంటోంది. అయినా నా కండువా కింద రేటు దిగిపోతోంది. ఏళ్ళ తరబడి నా కొట్టుకే కాయ తెచ్చే దాచేపల్లి వైపు పెద్దాయన ఒకాయన, అరుగు మీద కూర్చుని చుట్ట కూడా వెలిగించకుండా, "ఏమయ్యా, పక్క కొట్టోడు ఇదే కాయకి పైరేటు తెచ్చాడు. నీ చేతికేవన్నా అయిందా?" అని అడిగాడు. నవ్వేశాను. నవ్వానే గాని, ఆయన వచ్చేసారి కాయ పక్క కొట్లో దించుతాడని నాకు తెలుసు. ఆయన కదిలితే వెనక ఆ ఊరు మొత్తం కదులుతుంది.

మధ్యమధ్య గుండె దడదడలాడటం, మెట్లెక్కితే ఆయాసం రావడం లేకపోలేదు. అదంతా మిర్చి ఘాటు వల్ల అనుకున్నాను. యార్డులో తుమ్ము దగ్గర్నుంచి కళ్ళనీళ్ళ దాకా అన్నిటికీ ఘాటు మీదే నింద వేస్తాం, గుండెకి మాత్రం మినహాయింపు ఎందుకు?

గుట్టు బయటపెట్టినవాడు నా దగ్గర ఎక్కువ సరుకు కొనే వ్యాపారి. వేటపాలెం మనిషి, ఓడల మీద కాయ పంపేవాడు. మాకు చుట్టరికం లేదు, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని ఒకళ్ళనొకళ్ళం బావా అని పిలుచుకునేవాళ్ళం. ఆ రోజు కండువా కింద అతని వేళ్ళు నా వేళ్ళని వదిలి మణికట్టు మీదికి పాకాయి. అక్కడే ఆగిపోయాయి. తర్వాత మళ్ళీ వేళ్ళ దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే దిగువ రేటుకి బేరం తెంచాడు. కండువా తీసి భుజాన వేసుకున్నాక అప్పుడు నోరు విప్పాడు.

"బావా, ఈ సీజనంతా నీ నాడి కొట్టుకుంటుంటే అమ్ముకోవాలన్న తొందరనుకున్నా. అందుకే నొక్కా. ఇది తొందర కాదు. తొందరైతే గబగబా కొట్టుకున్నా ఒకే తీరుగా కొట్టుకుంటది. నీది ఒకటి కొట్టి ఆగి, మూడు కలిపి కొడతంది. డాక్టరు దగ్గరికి పో."

"ఆ మాట బేరానికి ముందు చెప్పొచ్చుగా" అన్నాను.

"బేరం బేరమే కదా" అన్నాడు.

మొహాన్ని అంత జాగ్రత్తగా దాచుకున్నవాణ్ణి, మణికట్టుని కండువా కింద అందరికీ తెరిచి పెట్టాను. కొన్నవాళ్ళంతా దాన్ని నా గాబరా కింద జమకట్టుకున్నారు.

గుంటూరులో ఈసీజీ తీసిన డాక్టరుగారు దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మందులు కొన్నాళ్ళు పనిచేసి మానేశాయి. చివరికి హైదరాబాదులో గుండె కరెంటు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆవిడ కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పింది. మామూలుగా గుండెలో ఒక్కచోట నుంచి కరెంటు పుడుతుందిట, గుండె మొత్తం ఆ తాళానికే కొట్టుకుంటుందిట. నాకు ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు గుండెలో కలిసే మూతుల దగ్గర దొంగ కరెంటు పుడుతోందిట. దాంతో పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డ కట్టిందంటే పక్షవాతం దాకా పోవచ్చు. ఈ అల్లరి ఎక్కువగా సిరల మూతుల దగ్గరే మొదలవుతుందని తెలిసి ఎన్నో ఏళ్ళు కాలేదని, అందరికీ అక్కడేనా, కొందరికి గది గోడలో కూడా పుడుతుందా అన్నదాని మీదే తాము పరిశోధన చేస్తున్నామని కూడా చెప్పింది.

నాకు యార్డు కళ్ళకు కట్టింది. గేటు దగ్గర దళారులు తలో రేటూ అరుస్తుంటే లోపల బేరం ఎలా తెగుతుంది? ఆవిడకి ఆ పోలిక చెప్పి, మరి ఆ దళారుల్ని ఏం చేస్తారని అడిగాను. వాళ్ళ జోలికి పోమని, మూతుల చుట్టూ వేడితో చిన్నచిన్న చుక్కలు కాల్చి గిరి గీస్తామని, అరుపు బయటే ఉండిపోతుందని ఆవిడ నవ్వుతూ చెప్పింది.

"అయితే మళ్ళీ రాదని మాటివ్వండి" అన్నాను.

"ఇవ్వలేనండి. చాలామందికి తగ్గుతుంది. కొందరికి మళ్ళీ చేయాల్సొస్తుంది."

"ఆ కొందర్లోంచి నన్ను తీసెయ్యండి."

"అది నా చేతిలో ఉంటే తీసేసేదాన్నే."

మొదటి మాట దగ్గర బేరం ముగించడం మా వంశంలో లేదు. అమ్మ చేసిన పనే చేశాను. లేచి, నమస్కారం పెట్టి, విసురుగా తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యేసి వెనక్కి పిలుస్తుందని ఆగాను. ఆవిడ పిలిచింది, తర్వాతి పేషెంటుని. తలుపు తెరుచుకుని ఆయన లోపలికి రాబోయాడు. నాతో వచ్చిన మా ఆవిడ కుర్చీలోంచి లేవనే లేదు. "వచ్చి కూర్చోండి, ఇది మీ పెదనాన్నగారి కొట్టు కాదు" అంది. వచ్చి కూర్చున్నాను.

నా గుండె కొలతలు పరిశోధనకి వాడుకోవచ్చా అని డాక్టరమ్మ అడిగినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి అవతలివాళ్ళకి కావలసింది నా దగ్గర దొరికింది. ఇష్టం లేకపోయినా వైద్యంలో తేడా ఉండదని ఆవిడ చెబుతూనే ఉంది, నేను అప్పటికే బేరంలోకి దిగిపోయాను. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలతో ఆకుకూరలు జాగ్రత్తగా తినాలన్నారు కాబట్టి, గోంగూరకి ఆ జాగ్రత్తలోంచి మినహాయింపు ఇస్తేనే సంతకం పెడతానన్నాను. గోంగూర మానమని ఎవరన్నారండీ, ఎక్కువా తక్కువా కాకుండా రోజూ ఒకే కొలత తినమన్నాం, అది అందరికీ చెప్పేదే అంది. నేను గెలుచుకున్నది ఏమీ లేదని అర్థమయ్యేలోపే సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ కొలత ఒక గరిటెతో ఖాయం చేసింది. గుంటూరు జిల్లాలో గోంగూర గరిటెతో కొలుచుకుని తిన్నది బహుశా నేనొక్కణ్ణే.

తొడ దగ్గర సిరలోంచి తీగల్లాంటి గొట్టాలు గుండెలోకి పంపారు. మత్తు సగమే. తెర మీద నా గుండె రంగురంగులుగా వెలుగుతోంది. ఎర్రగా ఉన్నచోటే అల్లరి ముందు మొదలవుతోందని ఎవరో అంటున్నారు. జన్మంతా ఎరుపు బాగుందని సరుకు అమ్మినవాణ్ణి, అక్కడ ఎరుపే దొంగ. కాల్చేటప్పుడు ఎండిన కాయ తిరగేసినట్టు ఛాతీలో మంట పాకింది. ఒక ఘడియకి మిషను చప్పుడు గడియారంలా కుదిరింది. మూడు నెలల దాకా మళ్ళీ దడ రావచ్చు, కాల్చినచోటు మానేదాకా దాన్ని లెక్కపెట్టొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

చెప్పినా వింటామా. బావ జీడిపప్పు పొట్లంతో చూడటానికొచ్చి, పలకరింపు కూడా కాకముందే మణికట్టు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుండె తప్పటడుగు వేసింది. అతని మొహం వాడిపోయింది. పొట్లం విప్పి నాలుగు పలుకులు తనే నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని వారాలో, నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చున్నాను. అన్నం తింటూ, బస్సులో పోతూ, పెదకాకాని గుళ్ళో దణ్ణం పెడుతూ. దణ్ణానికి రెండు చేతులూ కావాలని మా ఆవిడ గుర్తుచేసేది.

కొత్త కాయ యార్డుకొచ్చే వేళకి, ఒంటికి రికార్డరు కట్టి చూసి, అంతా తీరుగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. నమ్మాను గాని, పూర్తిగా కాదు. నాకు కావలసిన పరీక్ష ఇంకొకటి మిగిలి ఉంది.

దాచేపల్లి పెద్దాయన మొదటి కాయ నా దగ్గరే దించాడు. ఈ ఒక్కసారే అన్నట్టు పక్కనే నిలబడ్డాడు. బావ కండువా కప్పాడు. వేళ్ళు సరాసరి మణికట్టుకే వచ్చి, చాలాసేపు ఉన్నాయి. నేను రేకుల కప్పు వంక చూస్తున్నాను. చివరికి నిట్టూర్చినట్టు చేతిని వదులు చేసి, వేళ్ళ మీదికొచ్చి దిగువ రేటు చెప్పాడు. నిట్టూర్పు నా కోసం, రేటు తన కోసం.

నేను ఒప్పుకోలేదు. నెలల తరబడి పడిన అలవాటు కదా, నా వేలు దానంతటదే వెళ్ళి అతని మణికట్టు మీద కూర్చుంది. గబగబా కొట్టుకుంటోంది. వీడికీ వచ్చిందా అని ఒక్క క్షణం నా ప్రాణం ఉసూరుమంది. నిదానంగా విన్నాను. ఎక్కడా ఆగడం లేదు, ఎగరడం లేదు. వేగంగా, ఒకే తీరుగా.

పైరేటు కణుపు నొక్కి పట్టుకున్నాను. అతను చేతిని లాక్కోబోయాడు, వదల్లేదు. మళ్ళీ నొక్కాను. కాసేపటికి అతని వేళ్ళు ఒప్పుకున్నాయి. కండువా తీసి, పెద్దాయనకి రేటు చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

అప్పుడు బావతో అన్నాను, "నువ్వు డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదులే. నీది ఒకే తీరుగా కొట్టుకుంటోంది. ఓడ ఎప్పుడేంటి?"

అతను తన మణికట్టు వంక చూసుకున్నాడు, నా వంక చూశాడు. "ఎల్లుండి" అన్నాడు.

మర్నాటి నుంచి, అంత ఎండలోనూ, అంత ఘాటులోనూ, చొక్కా చేతులు కిందిదాకా దించి గుండీలు పెట్టుకుని యార్డుకొచ్చేవాడు.