బావిగట్టు మీద ఫలశ్రుతి

కర్నూలు రాజధానియై, గుడారాలలో కచేరీలు వెలసి, ఇక కరువన్న మాట వినబడదని పెద్దలు ధైర్యంగా చెప్పుకొంటున్న ఆ కాలంలో, పత్తికొండకు ఆమడ దూరాన ఒక మెట్ట పల్లెలో, పగలు మగ్గం మీద చీరలు నేసి, వేసవి వచ్చిందంటే ఏడు సాయంత్రాలు చావిడి అరుగెక్కి, తాను ద్విపదలో కట్టిన ఆనందపురి కథను వానకోసం భక్తితో వినిపించిన ఉరుకుందప్పను తలచుకొంటే, ఇప్పటికీ ఆ కంఠమే చెవుల నిండుతుంది.

ఆనందపురిలో ఆకలి లేదు, కన్నీరు లేదు. అడుగడుగునా తీపినీటి బావులు. ఎండిన పెదవులతో జనం ఆ వర్ణనను గంజికన్నా ఇష్టంగా తాగేవారు. చివరినాడు ఫలశ్రుతి చెప్పి, విన్నవారి ఇళ్లను దీవిస్తేనే కథ పండుతుందని ఊరి నమ్మకం.

ఒక ఏడు ఊరిబావి అడుగంటితే, బండ కొట్టి లోతు చేసి నీరు రప్పించింది చౌడమ్మ, ఆమె వాడవారు. నీరు పడ్డాక మాత్రం వారు గట్టెక్కి తోడుకోరాదు; దిగువన కుండ పెట్టుకొని, పైకులాలవారు ఎవరైనా పోసేదాకా కాచుకోవలసిందే. ఆరోనాడు కథ ముగియగానే, దూరంగా కూర్చున్న చౌడమ్మ అడిగింది.

"ఏమప్పా, ఆ ఊర్లో బాయి తవ్వినోళ్లు యాడుంటాండారు? వాళ్ల కత చెప్పనే లేదు గదా."

"ఈడ పోసేది చాలక ఆడ గూడా కావల్నా నీకు?" అని పెద్దరైతు హనుమన్న ఎకసెక్కమాడితే చావిడంతా నవ్వింది. ఉరుకుందప్ప నవ్వలేకపోయాడు. మరునాడు మగ్గం ముందు కూర్చున్నా దారం మోసే నాడె కదలలేదు. ఇన్నేళ్లుగా తాను కట్టిన పురంలో, తవ్విన చేతులకు చోటే పెట్టలేదు.

ఆ సాయంత్రం ఏడోనాటి కథ అంతా చెప్పి, ఫలశ్రుతి దగ్గర చేతిలోని తాళాలు కింద పెట్టాడు. చౌడమ్మ తన చేత్తో నీళ్లు తోడుకొనేదాకా తన నోట దీవెన రాదన్నాడు.

హనుమన్న గొంతు పెంచలేదు. "వాన రాకుంటే ఊరంతా నిన్నే అంటాది. మళ్లా ఈ అరుగు ఎక్కనీరు. ఆలోచన చేసుకో."

"అననీలేప్పా. ఒకరి గొంతు ఎండబెట్టి, ఊరు చల్లగుండల్లని నేనెట్ల చెప్పేది?"

సగంలో నిలిచిన కథ ఊరికి కీడని అందరికీ భయం. చివరకు హనుమన్న తల్లి నాగలక్ష్మమ్మ లేచి, తమ ఇంటి చేద, తాడు తెచ్చి చౌడమ్మ చేతికిచ్చింది. జనం బావిదాకా వెంట నడిచారు. చౌడమ్మ తోడిన మొదటి చేద ఉరుకుందప్ప దోసిట పోసింది. ఆయన తాగి, ఆ గట్టు మీదనే నిలబడి ఫలశ్రుతి చెప్పాడు.

ఆ ఏడు వాన రాలేదు. నెపం ఆయన మీద పడింది. చావిడికి మళ్లీ ఎవరూ పిలవలేదు. మగ్గం చప్పుడుకే లయ కలుపుతూ, ఆనందపురిలో కొత్తగా చేర్చిన, బావులు తవ్వినవారి వాడను వర్ణించుకొనేవాడు. చౌడమ్మ గడప పక్కన కూర్చుని వినేది. ఆ చేద, తాడు మాత్రం ఆమె దగ్గరనుంచి ఎవరూ తిరిగి అడగలేదు.

ఆ పుణ్యాత్ముని ఇంట మగ్గం ఆగకుండు గాక. ఆ ఇంటి దీపం, కడవలోని నీరు తరతరాలకూ తరగకుండు గాక.