బోర్లా తిప్పిన పలకలు

మొరాకోలోని ఫెస్ పాతపేటలో తహామి మేస్త్రీ చెయ్యి పడని, రంగు పలకలు అతికిన గోడలు తక్కువ. నలభై రెండేళ్లు నేలమీద కూర్చుని చేసిన పనికి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇప్పుడాయన కూతురు కెన్జా ఇంట్లో ఉంటూ, ఐదేళ్ల మనవరాలు బహీజాను బడికి తీసుకెళ్లి తీసుకొస్తుంటాడు.

ఆ వసంతంలో పంతులమ్మ కెన్జాను పిలిపించింది. ఎర్ర నక్షత్రం చూపించి అలాంటిదే ఇంకొకటి తియ్యమంటే, ఎదురుగా పచ్చ నక్షత్రం ఉన్నా బహీజా ఎర్ర చదరమే తీస్తోందట. ఆకారాలు పట్టుకోలేని పిల్లకు అక్షరాలెలా వస్తాయంది. పది రోజుల తర్వాత మళ్లీ అడుగుతాననీ, అప్పటికీ ఇంతే అయితే ఇంకో ఏడాది చిన్న తరగతిలోనే ఉంచుతాననీ చెప్పింది. కెన్జా ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పొద్దున్నే మేస్త్రీ పాత గోతంలోని నక్షత్రాల, చదరాల పలకలు వాకిట్లో కుమ్మరించాడు. నక్షత్రం చూపించి జత తియ్యమన్నాడు. ఎన్నిసార్లు అడిగినా పిల్ల రంగునే ఏరింది. చివరికి ఆయన విసుక్కున్నాడు.

"కోణాలు చూడవే మొద్దూ."

"రెండూ ఎర్రగానే ఉన్నాయి కదా తాతా. ఇంక కోణాలెందుకు?"

ఆ ప్రశ్నతో ఆయనకు తన చిన్నతనం గుర్తొచ్చింది. నీలం మీద మోజుతో తప్పు ముక్క అందించినందుకు పని నేర్పిన గురువు ఆయన చెవి మెలిపెట్టాడు. ఆ మోజు పోగొట్టింది పనే. గోడకెక్కే పలకల్ని మేస్త్రీలు ముందు నేలమీద బోర్లా పేరుస్తారు. వెనక సున్నం పోసి ఆరేదాకా రంగు కంటబడదు, మట్టి వీపులూ అంచులే కనిపిస్తాయి.

మేస్త్రీ పలకలన్నీ బోర్లా తిప్పాడు.

బహీజా కాసేపు బిక్కమొహం వేసింది. తర్వాత అంచుల్ని వేలితో తడిమి ఒక నక్షత్రం తీసింది, ఇంకొకటి తీసింది. మర్నాటి నుంచి ఆయన రోజుకు రెండు మూడు చొప్పున పలకల్ని రంగు పైకి వచ్చేలా తిప్పుతూ వచ్చాడు. రంగు కనబడగానే పిల్ల తడబడేది, చెయ్యి వెనక్కి తీసుకునేది, మళ్లీ చూసేది.

పదో రోజున పంతులమ్మ ఎర్ర నక్షత్రం పట్టుకుంది. మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బహీజా చెయ్యి ఎర్ర చదరం దాకా వెళ్లి ఆగింది. పక్కకు జరిగి పచ్చ నక్షత్రం అందించింది. ఆ వెంటనే ఎర్ర చదరాన్ని కూడా ముందుకు నెట్టింది.

"మీరడిగింది అది. ఇది కూడా మీ చేతిలోదానిలాంటిదే, కానీ రంగులో."

పంతులమ్మ మేస్త్రీ వైపు చూసింది.

"దాని మాటా నిజమేనమ్మా," అన్నాడాయన.

ఆమె నవ్వి, పై తరగతి పట్టీలో బహీజా పేరు రాసుకుంది.