గడప కింద మూడడుగులు

మా వదినను పనివాళ్లు లెవెలమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు. గోడ కట్టినా, కాలువ తవ్వినా, నీళ్లు నింపిన సన్నటి పైపును రెండు చివరలా పట్టించి, నీటిమట్టం కలిసేదాకా మేస్త్రిని కదలనివ్వదు. మా కాలనీ సంఘంలో ఆవిడ పనుల సూపర్‌వైజరు. పార్కు ప్రహరీ, బడి వరండా, పంపుహౌసు, అన్నీ కాగితం మీద గీత పడిన రోజు నుంచి తాళంచెవి చేతికిచ్చే రోజు దాకా ఆవిడే చూసుకుంది. ఇంట్లో మంచం కోడు కింద కూడా అట్టముక్క పెట్టి సరిచేస్తుందని మా అన్నయ్య గొణుగుతుంటాడు.

మా కాలనీలో ఏ కొలతైనా సంఘం ఆఫీసు గడప నుంచే మొదలు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆ గడపే సున్నా. "గడప కింద మూడడుగులు" అంటే చాలు, మేస్త్రికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అంత తేలికైన పద్ధతి ఇంకొకటి లేదు, అంత ప్రమాదమైనదీ లేదు. గడప కదిలితే కొలతలన్నీ కదులుతాయి.

ఆఖరి సందులో మా ఇంటితో కలిపి ఆరిళ్లు పల్లంలో ఉన్నాయి. మురుగు పైపు లేక వాడిన నీళ్లు వీధిలోనే పారేవి. రెండేళ్లు సంఘంతో పోట్లాడి వదిన పైపులైను ప్లాను సాధించింది. ఇంటింటికీ వచ్చి, స్నానాలగది తూము గడప కింద ఎంత లోతులో ఉందో కొలిచి, పైపు దానికి నాలుగంగుళాలు కిందుగా ఉండేలా లోతులు పుస్తకంలో రాసుకుంది. పని మొదలయ్యేలోగా ఆఫీసు నేల పగుళ్లిచ్చింది. కొత్త గచ్చు పోయించి, గడపను అయిదంగుళాలు లేపించింది కూడా వదినే. తీరా పైపు వేసేటప్పుడు పుస్తకంలోని పాత లోతులనే కొత్త గడప నుంచి కొలిపించింది. పైపు మొత్తం అయిదంగుళాలు ఎత్తులో కూర్చుంది. వాలు మాత్రం చక్కగా కుదిరింది. మా ఇంటి ముందు బకెట్టు నీళ్లు పోస్తే అవతలి మ్యాన్‌హోలులోకి జరజరా వెళ్లిపోయాయి. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ సంబరం ప్లంబరు వచ్చేదాకానే. మా తూమును వీధి పైపుకు కలుపుదామని గుంటలోకి దిగినవాడు తల గోక్కుంటూ లేచాడు.

"అక్కా, మీ తూము కంటే వీధి పైపే అంగుళం ఎత్తుంది. మీ నీళ్లు అందులోకి పోవు. అందులోవే మీ ఇంట్లోకి వస్తాయి."

వదినకు కబురు పెట్టాను. వచ్చి, లెవెల్ పట్టి, ఒకటికి రెండుసార్లు చూసింది. తర్వాత ఆఫీసుకు నడిచి, గడప మీద చెయ్యి పెట్టి అక్కడే కూలబడింది.

"దీన్ని లేపిందీ నేనే, మర్చిపోయిందీ నేనే," అంది నాతో.

మర్నాడు పొద్దున్నే ఆ పైపు మీద రోడ్డు వెయ్యడానికి కాంక్రీటు లారీ రావాలి. ఒకసారి రోడ్డు పడితే ఇరవై ఏళ్లదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. పైపు సరిగ్గా ఉందని వదిన రిజిస్టరులో సంతకం పెట్టాకే రోడ్డు పొయ్యాలని నియమం.

సంఘం అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. ప్రారంభోత్సవానికి కార్డులు పంచేశాడు.

"అంగుళమేగా అమ్మా! ఆరిళ్లవాళ్లూ స్నానాలగదుల్లో గచ్చు లేపుకుంటారు. సంతకం పెట్టేయ్."

"అక్కడ ఒకావిడ కర్రతో నడుస్తుంది. ఒకాయన చక్రాల కుర్చీలో ఉంటాడు. నేను కొలత తప్పినందుకు వాళ్లు మెట్టెక్కాలా?"

"మీ ఆడపడుచు ఇల్లు ఆ సందులోనే ఉందని కదూ ఈ గోలంతా!"

"అవునండీ, ఉంది. మిగతా అయిదిళ్లూ కూడా అక్కడే ఉన్నాయి."

నా ఒళ్లు మండిపోయింది. అయినా నేనేమంత గొప్పదాన్ని? ఆ సాయంత్రం వదిన చెయ్యి పట్టుకుని, "ఊరుకో వదినా, గచ్చేదో మేమే లేపుకుంటాం. నీ ఉద్యోగం పోతే ఎలా?" అని బతిమాలాను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఏవమ్మా ఆడపడుచు గారూ, పెళ్లయిన నాటి నుంచీ నా తప్పులు వెతుకుతున్నావు. తీరా ఒకటి దొరికితే దాచమంటావేం?" అని నవ్వింది.

తెల్లారేసరికి సందు మొదట్లో ఉన్న పనుల బోర్డు మీద సుద్దతో ఇంతేసి అక్షరాలు రాసి ఉన్నాయి: "పైపు అయిదంగుళాలు ఎత్తులో వేయించాను. తప్పు నాది. సరిచేసేదాకా సంతకం పెట్టను." పాలకు వెళ్లేవాళ్లు, బడికి వెళ్లేవాళ్లు ఆగి మరీ చదివారు.

లారీ వచ్చింది. వదిన అడ్డంగా నిలబడింది. డ్రైవరు హారన్ మోగించి మోగించి కిందికి దిగాడు.

"అమ్మా, లోపల కాంక్రీటు గట్టిపడిపోతుంది!"

"బడి వెనక సైకిళ్ల షెడ్డుకు నేల పొయ్యాలి. నిన్ననే కంకర కూడా పరిపించాను. అటు తిప్పు."

అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు. బోర్డు చూడగానే ఆయన ముఖం కందగడ్డయింది.

"నీ పరువుతో పాటు సంఘం పరువూ తీశావు కదమ్మా!"

"నా పరువు పోతే మళ్లీ కట్టుకుంటాను. కట్టించడమే కదండీ నా పని," అంటూ వదిన చీర కుచ్చిళ్లు ఎగదోపి, గునపం పట్టుకుని గుంటలోకి దిగింది. మొదటి పైపును తనే పెకలించింది. మేస్త్రి ఒకసారి అధ్యక్షుడి వంక, ఒకసారి ఆవిడ వంక చూశాడు. చెప్పులు విడిచి తనూ దిగాడు.

తొమ్మిది రోజులు పట్టింది. ప్రారంభోత్సవం వాయిదా పడింది. పైపు తగ్గించి వేశాక, కర్రతో నడిచే మా అత్తగారే మా స్నానాలగదిలో మొదటి చెంబు నీళ్లు పోశారు. నీళ్లు పోయాయి. ఆ మాత్రానికే నేను ఏడ్చేశాను.

రోడ్డు పడిన వారానికి సంఘం సమావేశం పెట్టి, వదిన క్షమాపణ రాసిస్తే ఉద్యోగంలో ఉంచుతామన్నారు. వదిన అక్కడే కూర్చుని రెండు వాక్యాలు రాసింది. "గడప లేపిన సంగతి మర్చిపోయి పైపు వేయించినందుకు క్షమించండి. తవ్వించినందుకు మాత్రం క్షమాపణ చెప్పను."

అధ్యక్షుడు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"రెండో వాక్యం కొట్టేయమ్మా. ఈ విషయం ఇంతటితో మర్చిపోదాం. లేదంటే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

వదిన కాగితం అందుకుంది. సరే, కొట్టేస్తుందనే అనుకున్నాం అందరం. స్కేలు అడిగి తీసుకుని, రెండో వాక్యం కింద తిన్నగా గీత గీసి, ఆఫీసు తాళంచెవుల గుత్తితో సహా కాగితాన్ని ఆయన ముందు పెట్టింది.