మామ తుపాకికి పట్టిన తుప్పు

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో నాకన్నా ముందే కొత్తకోడలి మర్యాదలన్నీ అందుకుంటా ఉండింది ఒక తుపాకి. దానికి నడిమింట్లో సొంతంగా ఒక మేకు, మేకుకు తోలు సంచి, శుక్రవారం శుక్రవారం గంధం బొట్టు. నేనైతే చాప గూడా అత్త చూపించిన తావులోనే పరుచుకోవల్ల.

మా ఊరు కనకమ్మ సత్రంలో బస్సు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. మా మామ చెనక్కాయ చేను గుట్టను ఆనుకొని ఉండాది. కాయ పాలు పట్టిందంటే చాలు, అడివి పందులు దిగి చేనంతా తిరగదున్ని పోతాయి. అందుకని మామ నాయన కాలంలోనే సర్కారు ఒక ఒంటి గొట్టం తుపాకికి లైసెన్సు ఇచ్చింది. ఏడాదికొకసారి దాన్ని తిరుత్తణికి ఎత్తుకోని పోయి ఆఫీసరుకు చూపించల్ల. సరిగ్గా ఉంటే లైసెన్సు పొడిగిస్తారు, లేకుంటే తుపాకి ఆడనే పెట్టేసి రావల్సిందే. ఊళ్ళో తనకుండే పెద్దరికమంతా ఆ తుపాకి వల్లనే అని మామ నమ్మకం. "అది పోయిననాడు నేనూ పోయినట్టే" అని అన్నం తింటా అంటాడు. అనేసి ఇంకొంచెం పులుసు పోయించుకుంటాడు.

అయిప్పసి నెల వానలు పట్టుకుంటే మా మట్టి గోడల ఇల్లంతా చెమ్మ. కుండలో ఉప్పు నీరు కారుతుంది, అగ్గిపెట్టె గీస్తే గీరుకుంటుందే గాని అంటుకోదు. అట్లాంటి ఇంట్లో ఇనుము గతి ఏమవుతుంది? నేను వచ్చిన మొదటి ఏడాదే సంచి విప్పితే తుపాకి ఎర్రగా మిరపొడి చల్లినట్టు ఉండింది. ఇల్లంతా ఆస్పత్రి అయిపోయింది. అత్త నువ్వుల నూనె రాసింది; బొద్దింకలు కాపురం పెట్టినాయి. మామ ఆముదం దట్టించినాడు. అది బంకయిపోయి, తూటా పెట్టే తావులో తుపాకి మడత విప్పేదానికి ఆయనొక పక్క, మా ఇంటాయన ఒక పక్క పట్టి లాగినారు. మార్గళి చలిలో మా ఇంటాయన టెంకాయ నూనె పూసినాడు. పొద్దున లేచి చూస్తే అది పేరుకోని, తుపాకి విభూది పూసుకున్న సామియారు మాదిరి తెల్లగా నిలబడి ఉండాది.

నాకు నోరు ఊరుకోదు. పుట్టింటి నుంచి నేను కుట్టు మిషను తెచ్చుకోని ఉంటి. వానాకాలంలో దానికి తోలు ముసుగు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. "మామా, తోలు చెమ్మను తాగి పెట్టుకుంటుంది. ముందు ఆ సంచి పీకేయల్ల" అన్నాను.

"మా నాయన కాలం నుంచి అది సంచిలోనే ఉండాదమ్మా" అన్నాడు మామ.

"అందుకే మామా, తుప్పు గూడా మీ నాయన కాలంనాటిదే."

మా ఇంటాయనకు దగ్గొచ్చింది. మామ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట తుపాకిని తెచ్చి నా మిషను పక్కన ఆనించి, ఏమీ ఎరగనట్టు బయటికి పోయినాడు.

ఇంక చూడండి నా వైభోగం. పాత పంచె చింపి, కమ్మీకి చుట్టి, గొట్టంలోపల పైనించి కిందిదాకా తోసి తోసి తుడిచినా. మిషను నూనె చుక్కలు గుడ్డకు అంటించి పల్చగా రుద్దినా. నూనె పోస్తే కాపాడినట్టు కాదు, రుద్దితేనే. ఒట్టి చేత్తో ఇనుము ముట్టుకోవద్దని, చేతి చెమట గూడా తుప్పేనని ఇంట్లో అందరికీ చెప్పినా. వాన తగిలే బయటి గోడ మీది నుంచి తీసి, గాలాడే నడిమి గోడకు మేకు మార్పించినా. గంధం మీద మాత్రం అత్తతో పోరాటమే. "గంధంలో ఉండేది నీళ్ళే గదా అత్తా!" అంటే, "పూజ లేని ఆయుధం మనింటి మీదికే తిరుగుతుంది మే" అనింది. కడాకు బొట్టు తుపాకి కట్టెపిడి మీద పెట్టేటట్టు, ఇనుము మీద పెట్టకుండేటట్టు రాజీకి వస్తిమి.

ఆ ఏడు తిరుత్తణిలో ఆఫీసరు గొట్టంలో చూసి మెచ్చుకున్నాడంట. మామ బస్సులో ఎక్కినోళ్ళకీ దిగినోళ్ళకీ "మా కోడలే చేసింది" అని చెప్పుకుంటా వచ్చినాడు. ఆ మాట విన్నాక నాలుగు దినాలు నా కాలు భూమ్మీద ఆనలేదు.

మళ్ళేడు కాన్పుకు ఆర్.కె.పేటలో మా అమ్మగారింటికి పోయినా. కడుపు మోసుకుంటా గూడా, పోయేముందు తుపాకిని తుడిచి, నూనె రుద్ది, పొడి గుడ్డ చుట్టి పోయినా. బిడ్డతో తిరిగొచ్చేసరికి తిరుత్తణికి పోవల్సిన దినం దగ్గరికి వచ్చేసింది. గుడ్డ విప్పి చూసినా. మడత కదల్లేదు. గొట్టం మూతి దగ్గర తెల్లగా ఏదో పెచ్చులు కట్టి ఉండాది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నా.

ఉప్పు.

వంటింట్లో అత్త చింతపండు గింజలు తీస్తా ఉండింది. "తుపాకిలో ఉప్పు ఎవురు పోసినారత్తా?" అన్నాను.

"నేనే" అనింది తల ఎత్తకుండానే. "నువ్వు పోయినప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం కల్లుప్పు కరిగించి పోస్తా ఉండా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పడిన పాటంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని నోరు తెరిచినా. అంతలో అత్త చింతపండు పక్కన పెట్టింది.

"మీ మామకు కన్ను కనపడదు మే. రెండు కండ్లకూ పొర. అన్నం తట్టలోకి పోయవల్సిన పులుసు నేల మీద పోసుకుంటాడు, అది నువ్వూ చూసినావు. పోయిన కాపుకు పందిని కాల్చినా, తప్పించుకుంది అని ఊరంతా చెప్పినాడే, అది పంది గాదు. పక్క చేనాయన నల్ల కంబళి. ఆయన దాన్ని గట్టు మీద పెట్టేసి ఒంటికి పొయ్యేదానికి లేచినాడు కాబట్టి బతికినాడు. మీ మామ పరువు పోతుందని ఆ చేనాయన మీ మామతో తప్ప ఎవురితోనూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన పెండ్లాం నా దగ్గరికొచ్చి కంబళిలో బొక్కలు చూపించి పోయింది. ఆమె తాళి మీ మామ చేతిలో తెగుంటే నేను యాడ తల పెట్టుకోవల్ల? కన్ను సరిగ్గా లేదంటే ఆ మనిషి ఇంటాడా? కళ్ళజోడు తుడుచుకుంటాడు. అందుకే రోగం తుపాకికి తెప్పించినా."

గీకకుండానే తుపాకికి మళ్ళీ గుడ్డ చుట్టేసినా. మా ఇంటాయన దగ్గర గూడా ఆ సంగతి ఎత్తలేదు.

తిరుత్తణికి మామ నన్నే రమ్మన్నాడు. చంకలో బిడ్డ, మామ భుజాన తుపాకి, ఇద్దరం బస్సెక్కినాము. మడత బిగిసిందని మామకు తెలుసు. అయినా బస్సులో ధైర్యంగానే ఉండినాడు. "నువ్వుండావు గదమ్మా" అన్నాడు.

ఆఫీసరు మోకాలికి ఆనించి లాగినాడు. కదల్లేదు. నిలబడి లాగినాడు. గొట్టంలోంచి ఎర్రపొడి రాలి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. చొక్కా చూసుకోని, "ఎన్న పెరియవరే, ఇదు తుప్పాక్కియా, కుంకుమ చిమిళా?" అన్నాడు అరవంలో, ఇది తుపాకినా కుంకుమ భరిణెనా అని. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. మామ మాత్రం చేతులు కట్టుకోని నిలబడి, "మా కోడలు బాగు చేస్తుంది సార్. ఆమె చేతిలో వాసి ఉండాది. నెల దినాలు టైమియ్యండి" అన్నాడు.

ఆఫీసరు నా పక్క తిరిగినాడు. "ఏమ్మా, బాగవుతుందా?"

అవుతుంది. కిరసనాయిల్లో నానబెట్టి, ఓపిగ్గా గీకితే నా చేతిలో కచ్చితంగా బాగవుతుంది. మామ నన్నే చూస్తా ఉండాడు, ఆ పొరలు పట్టిన కండ్లతో నేను యాడ నిలబడినానో సరిగ్గా తెలీక, కొంచెం పక్కకు చూస్తా ఉండాడు. 

"కాదు సార్" అన్నాను. "లోపలంతా తినేసింది."

మామ తల వంచుకోని వేలిముద్ర వేసి తుపాకి ఇచ్చేసినాడు. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఎక్కినోళ్ళకు గాని, దిగినోళ్ళకు గాని, నాకు గాని.

ఇల్లు చేరితే అత్త గడపలోనే ఉండింది. "తుపాకి ఏదీ?" అని అడిగింది.

"ఇచ్చేసినా. ముసలిదైపోయింది" అన్నాడు మామ.

తుపాకి పోతే మనిషి ఇంటి పట్టున కూర్చుంటాడని అత్త లెక్క. పొద్దు గుంకుతా ఉంటే మామ పెరట్లోకి పోయి ఒక రేకు డబ్బా, ఒక కట్టె వెతుక్కోని చేను దారి పట్టినాడు. పందులకు తుపాకి అయితేనేమి, డబ్బా చప్పుడైతేనేమి. అత్త నన్నొకసారి చూసి, కొంగు తలకు చుట్టుకోని ఆయన వెనకాలే బయల్దేరింది.

"నువ్వు యాడికి?" అన్నాడు మామ.

"పంది ఏదో కంబళి ఏదో చెప్పేదానికి ఒకరుండల్ల గదా" అనింది అత్త.

మామ అట్లనే నిలబడిపోయినాడు. కంబళి సంగతి ఆమెకు తెలుసని ఆయనకు అప్పుడే తెలిసింది. ఎక్కడ అరుస్తాడో అని నేను బిడ్డను గట్టిగా పట్టుకున్నా. ఆయన అరవలేదు. కట్టెను చంకలో పెట్టుకోని, ఖాళీ అయిన చెయ్యి ఆమె పక్కకు చాపినాడు. అన్నేండ్ల కాపురంలో వాళ్ళిద్దరూ చెయ్యి పట్టుకోని వీధిలో నడిచేది ఊరు చూసింది ఆ పొద్దే.