గంబో మింగిన సెలవు

పడవ మమ్మల్ని దీవి దగ్గర దించేసరికి ఉదయం 09:40. జెట్టీ లేదు. నడుంలోతు నీళ్లలో దిగి, సామాను తలమీద పెట్టుకుని నడిచాం. సబా రాష్ట్రం తూర్పు తీరంలోని మా ఆర్మీ బేస్ నుంచి పడవలో గంటన్నర దూరం. దీవి పొడవు నాలుగు వందల మీటర్లు, వెడల్పు నూట ఇరవై. పదకొండు మందిమి. ఇసుక బస్తాల బంకర్లు రెండు, రేకుల వంట షెడ్డు ఒకటి, మంచినీళ్ల ట్యాంకు ఒకటి. నూట ఎనభై రోజుల డ్యూటీ. దాటిపోయే ప్రతి పడవనూ చూడాలి, రాసుకోవాలి, రేడియోలో చెప్పాలి.

ఇప్పుడు మా ఊరు సుంగై పెటానిలో వీధివాళ్లందరూ ఒకటే అడుగుతారు. "అక్కడ ఏటి తిన్నావురా?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో లేచిపోకండి.

దీవికి వెళ్లడానికి రెండేళ్ల ముందు ఆర్మీ నన్నొక కోర్సుకి అమెరికా పంపింది. లూసియానా. ఆ దేశానికి దక్షిణం కొస. నాలుగు నెలలున్నాను. అక్కడి సార్జెంటు ఒకాయన ఆదివారాలు నన్ను ఇంటికి పిలిచేవాడు. వాళ్లది కేజన్ వంట. అందులో గంబో అని ఒకటుంది. పిండిని నూనెలో వేసి, నలభై నిమిషాలు చెయ్యి ఆపకుండా కలుపుతూ ముదురు గోధుమ రంగుకి వచ్చేదాకా వేయిస్తారు. అందులో ఉల్లిపాయలు, సెలెరీ, కాప్సికం, బెండకాయలు, రొయ్యలు, సాసేజీ, దండిగా కారం. అన్నం మీద పోసుకుని తింటారు. మొదటి ముద్దకే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రబ్బరు తోట కూలీల లైనింట్లో ఆవిడ చేసిన బెండకాయ రొయ్యల పులుసు. ఇందులో చింతపండు లేదు గానీ అదే జిగురు, అదే కారం. అమ్మమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ అది చేయలేదు. తిరిగొచ్చాక ఈ గంబో కోసం బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి మొదలుపెట్టి కౌలాలంపూర్ అంతా తిరిగాను. కేజన్ అని బోర్డు పెట్టిన ఒకచోట కోడిముక్క మీద ఎర్రపొడి చల్లి ఇచ్చారు. థూ!

దీవిలో మా తిండి డబ్బా సార్డీన్లు, డబ్బా కోడికూర, ఎండుచేప, అన్నం. నలభయ్యో రోజుకి నాలుక చచ్చిపోయింది. ఏం తిన్నా రేకు రుచే. నాకు గంబో పిచ్చి పట్టుకుంది.

బేస్‌లో రేడియో దగ్గర కూర్చునే సిగ్నలర్ మా తెలుగువాడే. కౌలా సెలంగోర్ కుర్రాడు, లాన్స్ కార్పొరల్. మా ఇళ్లలో పిల్లలకి ఇప్పుడు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. వీడు మాత్రం గడగడా మాట్లాడేవాడు. రోజూ 06:00కి, 18:00కి రేడియో పరీక్ష. అది అయ్యాక ఇద్దరం అరనిమిషం తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. రూలు ఒప్పుకోదు. కానీ ఇబాన్ తెగవాళ్లు ఇబాన్‌లో, కెలంతాన్ రాష్ట్రం వాళ్లు వాళ్ల మలయ్ యాసలో రెండేసి ముక్కలు మాట్లాడుకోవడం అందరూ వినేవాళ్లే. ఎవరూ పట్టించుకోలేదు.

"అన్నా, గురువారం రేషను పడవ వస్తాది. నీకేటి కావాల?"

"బెండకాయలు, రెండు కిలోలు. కాప్సికం, సెలెరీ, కోడి సాసేజీ. రొయ్యలు ఇక్కడే పట్టుకుంటాం."

"ఏటి సేస్తావు?"

"గంబో." ఎలా చేస్తారో చెప్పాను.

"ఓస్, మన బెండకాయ పులుసే గదా-లా! దానికి ఇంగిలీసు పేరొకటా?" మాట చివర ఆ మలయ్ 'లా' తగిలించకపోతే మావాళ్లకి మాట తెగదు.

అప్పుడే వాడి సెలవు సంగతి చెప్పాడు. "మేనకోడలి పెళ్లన్నా. పద్నాలుగు రోజులు ఇచ్చినారు. శనివారం ఎల్లిపోతాను. గంపెత్తాల."

మా పెళ్లిళ్లలో పెళ్లికూతురిని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకొస్తాడు. ఆ పిల్లకి తండ్రి లేడు. ఆ పిల్ల మూడో తరగతిలో ఉండగా పోయాడు. వాళ్లమ్మ పామాయిల్ తోటలో కూలికి పోతే వీడే ఆ పిల్లని బడికి తీసుకెళ్లాడు, జడలు వేశాడు. వేరే మేనమామ లేడు.

"సిన్నప్పుడే అడిగినాది అన్నా. మావా, నాను లావైపోతే ఎత్తగలవా అని. అందుకే ఇక్కడ రోజూ ఇసక బస్తా మోస్తన్నాను. పేక్టీసు!"

ఇద్దరం పగలబడి నవ్వాం.

బుధవారం 15:10కి ఆర్డరు వచ్చింది. ఉత్తరం వైపు గుర్తు తెలియని పడవ. అలర్టు ఎత్తేసేదాకా రేడియోలో రిపోర్టులు తప్ప ఒక్క మాట వినబడకూడదు. వాన కుండపోత. మూడు వందల మీటర్ల అవతల ఏమీ కనబడటం లేదు. తడిసి ముద్దయి బంకర్లో కూర్చున్నాం. 17:35కి పడవ దొరికింది. ఇంజను చెడిపోయిన చేపల పడవ. ఇద్దరు ముసలాళ్లు, చలికి వణుకుతున్నారు. రిపోర్టు ఇచ్చాను. మా పని అయిపోయినట్టే. కానీ అలర్టు ఎత్తేసినట్టు ఆర్డరు రాలేదు. అది నాకు తెలుసు. పదిహేడేళ్ల సర్వీసు, తెలియకేం?

17:50కి రేడియో మీట నొక్కాను. "తమ్ముడా, బెండకాయలు మర్సిపోనేదు గదా?"

ఎంత సిగ్గుమాలిన నోరు!

వాడు గొంతు తగ్గించాడు. "నేదన్నా, కొనేసినాను. అలర్టు ఇంకా అవనేదు. ఆపేయ్."

అప్పుడు వాడి వెనకాలే మా కెప్టెన్ నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది.

గురువారం 10:20కి రేషను పడవ వచ్చింది. అందులో కెప్టెన్ కూడా దిగాడు, తనిఖీకి. బెండకాయల సంచీ వచ్చింది. వాడిపోకుండా తడి గుడ్డలో చుట్టి, కాయలు నలగకుండా పైన సెలెరీ పెట్టి పంపాడు. మా వంటవాడు కెలంతాన్ మనిషి. పెద్ద బాణలి నాకు వదిలేశాడు. నలభై నిమిషాలు పిండి కలిపాను. చెయ్యి పడిపోయింది. షెడ్డంతా ఘుమఘుమలాడింది. కెప్టెన్ వాసన పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

రెండు ప్లేట్లు తిన్నాడు. వేళ్లు నాక్కున్నాడు. "అమెరికాలో నేర్చుకున్నావా? చాలా బాగుంది," అన్నాడు మలయ్‌లో. నేను వెర్రివెధవలా మురిసిపోయాను.

13:15కి చెయ్యి కడుక్కుని, తడవని సంచీలోంచి కాగితం తీశాడు. అలర్టు సమయంలో అనుమతి లేని సంభాషణ. నాకు నోటి హెచ్చరిక. సిగ్నలర్‌కి సెలవు రద్దు.

"సార్, ముందు మాట్లాడింది నేను."

"రేడియోని అదుపులో పెట్టాల్సింది సిగ్నలర్."

"వాడు నన్ను ఆపేయమన్నాడు సార్."

"ఏ భాషలో అన్నాడు? నాకేం తెలుస్తుంది?"

"నా ర్యాంకు చారలు తీసేయండి. వాణ్ని పంపండి. వాడు పెళ్లికూతురికి మేనమామ. గంప ఎత్తాలి."

"ఇంకెవరైనా ఎత్తుతారు," అని కాగితం మడిచాడు.

నా చేతిలో గరిటె ఇంకా ఉంది. దాంతో ఏం చేయబోయానో చెప్పను. వంటవాడు వెనకనుంచి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఓర్చుకో అన్నా," అన్నాడు వాళ్ల భాషలో. ఓర్చుకున్నాను. అదీ నేను చేసిన తప్పే. రద్దు కాగితం సంచీలో పెట్టుకుని వచ్చి, వాడు కొన్న బెండకాయలు తింటూ, బాగుందన్నాడే! ఆ మనిషికి ముద్ద ఎలా దిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పడవ నడిపేవాడు మరో మాట చెప్పాడు. సెలవు రద్దయినట్టు సిగ్నలర్‌కి 07:30కే తెలుసట. పడవ బయల్దేరింది 08:50కి. అంతా తెలిసే, వాడే జెట్టీ దాకా నడిచొచ్చి సంచీ పడవలో పెట్టాడట.

18:00కి రేడియో పరీక్ష. అది అయ్యాక వాడే అడిగాడు.

"అన్నా, బెండకాయలు లేతగా ఉన్నాయా?"

"ఉన్నాయిరా."

ఆ తర్వాత వాడు రేడియోలో తెలుగు మాట్లాడలేదు. స్పష్టంగా వినబడుతోంది, ఓవర్. రోజుకి రెండుసార్లు, మలయ్‌లో. మిగిలిన నెలలన్నీ అంతే. పెళ్లిరోజున కూడా 06:00కి అదే మాట, 18:00కి అదే మాట. నేను పై ఆఫీసుకి మూడు అర్జీలు రాశాను. జవాబు రాలేదు.

నూట ఎనభయ్యో రోజున మమ్మల్ని దీవి నుంచి తీసుకెళ్లిపోయారు. బేస్‌లో వాడికి ఇంకో రెండు నెలల డ్యూటీ ఉంది. నేను విమానం దిగి సుంగై పెటానికి పోలేదు. క్లాంగ్ వెళ్లి, అక్కణ్ణుంచి బస్సులో వాడి ఊరు కౌలా సెలంగోర్ వెళ్లాను. ఆ పిల్ల కాళ్లు పట్టుకుందామనే వెళ్లాను. చిన్నపిల్ల కాళ్లు పట్టుకోకూడదంటే కూడదనీ!

ఆ పిల్ల పుట్టింటికి వచ్చి ఉంది. మెళ్లో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. తప్పంతా నాదే అని గుమ్మంలోనే చెప్పేశాను.

"తెల్సు మావా. మా మావ ఫోన్లో సెప్పినాడు. రండి, కూకోండి."

"గంప ఎవరెత్తారమ్మా?"

"శానామంది ఎత్తుతామన్నారు. నానే వొద్దన్నాను. నడిసెల్లినాను."

వాళ్లమ్మ తలుపు పక్కనే నిలబడి నేల చూస్తోంది. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ పిల్ల లోపలికి వెళ్లి ప్లేటు తెచ్చింది. అన్నం, దానిమీద ముదురు రంగు పులుసు. బెండకాయలు, రొయ్యలు. "మీరొస్తారని, మీకిదంటే ఇట్టమని మా మావ సెప్పినాడు. పిండి బాగా యేపమన్నాడు. సరిగొచ్చిందో నేదో సూడండి."

ఒక్క ముద్ద తిని లేద్దామనుకున్నాను. సరిగానే వచ్చింది. లూసియానాలో కూడా అంత బాగా తినలేదు. ప్లేటు ఖాళీ చేశాను.

ఆ పిల్ల గరిటె పట్టుకుని నిలబడింది. "ఇంకొంచెం ఎయ్యమంటారా మావా?"

వద్దనాలి. మనిషన్నవాడు వద్దనాలి. నా చెయ్యి ప్లేటుని ముందుకు జరిపింది. రోజుకి ఒక్కసారైనా ఆ చెయ్యి కళ్లముందు కనబడుతుంది.