నీళ్ల చప్పుడు

వెంకటప్పయ్య ఆరడుగుల మనిషి. మాచర్ల పక్కన నాపరాయి క్వారీలో ఇరవై ఏళ్లు సమ్మెట కొట్టిన చేతులు కావడంతో వేళ్లు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోవు. క్వారీ మూతబడి గుంతలో నీళ్లు నిండాక, ఆ ఒడ్డునే పెట్టిన గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే పనికి కుదిరాడు. ఏ పని మొదలుపెట్టినా ముందు అరచేతుల్లో ఉమ్మేసుకుని రుద్దుకుంటాడు. గోల్ఫ్ కర్ర పట్టినా అంతే. కొత్తవాళ్లకు ఆట నేర్పే ఉద్యోగం కావాలంటే మూడు బంతుల్లో ఒక్కటైనా గుంత దాటించి చూపమన్నాడు మేనేజరు. ఈ పొద్దున రెండు బంతులు అప్పుడే నీళ్లలో పడ్డాయి.

“ఏంది అప్పయ్యా, ఆ ఒడ్డూ పొడుగూ దేనికి? నలభై అయిదు కిలోల ఇంద్రజమ్మ రోజూ దాటిస్తంది,” అన్నాడు మేనేజరు.

ఆట నేర్పే ఇంద్రజ దగ్గరికొచ్చింది. “బాబాయ్, బంతికి తగలగానే చేతులు బిగబట్టి ఆపేస్తన్నావు. పోనియ్యి.”

“రాయి మీద అట్టా పోనిస్తే మణికట్టు ఇరుగుద్దమ్మా.”

“ఇది రాయి కాదుగా.”

అతను కర్ర వెనక్కి తిప్పాడు. ముందు నడుము తిరిగింది. చేతులు దాని వెనకే వచ్చి, బంతి దగ్గర ఆగకుండా భుజం మీదికి పోయాయి. రాతిపెచ్చులు ఎగిరి కంట్లో పడతాయన్న పాత భయంతో, దెబ్బ పడే క్షణంలో ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. నీళ్ల చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అది రాలేదు. అవతలి ఒడ్డున ఎక్కడో రాయి ఠక్కుమంది.

“కళ్లు తెరువు బాబాయ్,” అంది ఇంద్రజ.