ఎలుకలతో అనకూడని మాట

దయ్యాల కథలంటే నాకు చాలా ఇష్టం. రైల్లో సీటు దొరికితే నేను చదువుకునేవి అవే. నమ్మకం లేదు కాబట్టే అంత హాయిగా చదవగలిగేదాన్ని. ఇప్పుడు రాయబోయేదాంట్లో దయ్యం లేదు. ఉండి ఉంటే దానికో పేరు పెట్టుకుని ఊరుకునేదాన్నేమో.

నేను సింగపూర్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. భయం మెదడులో ఏ దారిన నడుస్తుందో ఎలుకల్లో చూడటం మా పని. ఎలుకను చిన్న పెట్టెలో పెట్టి ఒక శబ్దం వినిపిస్తాం, వెంటనే కాళ్ళకు కొద్దిగా కరెంటు షాక్ ఇస్తాం. కొన్నిసార్లు అలా జరిగాక షాక్ అక్కర్లేదు. శబ్దం వినగానే ఎలుక కొయ్యబారిపోతుంది. మీసం కూడా కదలదు, డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతుంటాయి. మెదడు కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి, కబురు అందుకునే గుమ్మాల్లాంటివి. వాటిలో ఒక రకాన్ని మందుతో మూసేస్తే ఆ భయం నిలుస్తుందా, పోతుందా అన్నది మా ప్రశ్న. జవాబు కావాలంటే మెదడు కోసి చూడాలి. అంటే ప్రతి ఎలుకా చివరికి చావాల్సిందే.

చంపడం నా వంతు. చేతులు వణకవని ప్రొఫెసర్ ఆ పని నాకు అప్పగించారు. మత్తుసూది వేశాక ఎలుక అరచేతిలో మెల్లగా వాలిపోతుంది. ఆ సమయంలో ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయేదాన్ని. మా ఇంట్లో గడప దాటేవాళ్ళతో ఎవరూ "వెళ్ళు" అనరు, "వెళ్ళిరా" అంటారు. నా నోటికి వచ్చిందీ అదే. ప్రతి ఎలుకకీ చెవి దగ్గర గొంతు తగ్గించి "వెళ్ళిరా" అనేదాన్ని.

పక్క బల్ల దగ్గర పనిచేసే హ్వీ లింగ్ ఒకసారి విని నవ్వింది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. "వా, విత్ అస్ నో టాక్, విత్ మౌస్ కెన్ టాక్ ఆ!" అంది. నాకు సిగ్గేసింది. కానీ మానలేదు.

ఆ విడత ఎలుకలన్నీ అయిపోయాక కొత్తవి వచ్చాయి. అవి పుట్టింది పై అంతస్తులో, నేనెప్పుడూ అడుగుపెట్టని గదిలో. ఒక ఎలుకను చంపేటప్పుడు మరో ఎలుక ఆ గదిలో ఉండకూడదని మా దగ్గర కచ్చితమైన నియమం. కాబట్టి ఇవి చావును చూసినవి కావు, విన్నవి కావు.

మొదటి రోజు వాటికి పెట్టె అలవాటు చేయడమే పని. శబ్దం లేదు, షాక్ లేదు. షాక్ యంత్రం తీగ కూడా తగిలించలేదు. హ్వీ లింగ్ నా పక్కనే ఉంది. మొదటి ఎలుకను పెట్టెలోకి దించుతూ, బడికి పంపే పిల్లతో అన్నట్టు, అలవాటుగా "వెళ్ళిరా" అన్నాను.

ఎలుక కొయ్యబారిపోయింది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నా ఒంటికి చచ్చిన ఎలుకల వాసన అంటుకుందేమోనని గ్లవ్స్, కోటు మార్చుకుని వచ్చాను. ఈసారి ఏమీ మాట్లాడకుండా దించాను. ఆ ఎలుక పెట్టెంతా తిరిగింది, మూలలు వాసన చూసింది, మూతి తుడుచుకుంది. ఆ తర్వాతిదాన్ని హ్వీ లింగ్ దించింది. అదీ హాయిగా తిరిగింది. అప్పుడు తను సరదాకి నన్ను వెక్కిరిస్తూ, వచ్చీరాని పలుకుతో "వెల్లీ రా" అంది. ఎలుక ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. హ్వీ లింగ్ నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

వేరే మాటలు అని చూశాం. అదే గొంతుతో, అంతే మెల్లగా, తెలుగూ ఇంగ్లిషూ చైనీసూ. దేనికీ ఏమీ కాలేదు.

విషయం ప్రొఫెసర్‌కి చెప్పక తప్పలేదు. షాక్ తినని ఎలుకలు ఎందుకు భయపడుతున్నాయో చెప్పలేకపోతే, షాక్ తిన్నవాటి భయం గురించి మేము చెప్పేదానికి విలువ లేదు. ఆయన తలుపు వేసి, కోపం లేకుండానే మాట్లాడారు. "పొరపాటున షాక్ ఇచ్చి ఉంటావు. ఆ సమయంలో మాట్లాడుతుంటావు కాబట్టి మాటకి భయం అంటుకుంది. అదే జరిగితే చెప్పు, వేరే ఎలుకలు తెప్పిద్దాం. జరగలేదంటావా, నేను ప్రాజెక్టు ఆపేయాలి." ప్రాజెక్టు ఆగితే నా ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే వర్క్ పాస్ ఉండదు, ఈ దేశంలో నేనూ ఉండను.

చోవా చూ కాంగ్‌లో సరోజా ఆంటీ ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుంటాను. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ, తిండిని మలయ్ మాటలో మకాన్ అంటుంది.

"ఏటి పిల్లా, మకాన్ సెయ్యకుండా అలా కూకున్నావు?" అంది, అన్నం పెడుతూ.

చెప్పాను. ఆవిడ చేతిలో గరిట ఆగింది.

"సచ్చిపోయేదాన్ని పట్టుకుని వెళ్ళిరా అన్నావేటి? సావింటి నుంచి వచ్చేటప్పుడే ఎళ్ళొస్తామనం కదే! రమ్మంటే రారేటి?"

"ఎలుకలు ఆంటీ అవి."

"ఎలుకైతే ఏటి? సెవులు లేవా?"

నిజమే. అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో ఆ సంగతి. నాకు గుర్తు రాలేదు. నవ్వేసి కంచం తీసుకుని లేచాను.

తర్వాత జరిగిన మీటింగ్‌లో లేచి నిలబడ్డాను. పొరపాటున షాక్ ఇచ్చింది నేనేనని చెప్పాను. ఆ గదిలో అందరికీ వినపడేలా నేను మాట్లాడటం అదే మొదలు. ప్రొఫెసర్ తలూపారు. హ్వీ లింగ్ బల్ల వైపు చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వై యూ సే లైక్ దట్? తీగే లేదు కదా."

"మరి ఏం చెప్పమంటావు?" అన్నాను. తను నా చెయ్యి వదిలేసింది.

ఆ ఎలుకలను చంపడమూ నా వంతుకే వచ్చింది. పెదవులు బిగించి పనిలోకి దిగాను. మామూలుగా కేజ్ మూత తీయగానే ఎలుకలు మూలలకు పరిగెడతాయి. ఇవి పరిగెత్తలేదు. కేజ్ మధ్యలో దగ్గర దగ్గరగా కూర్చుని, చెవులు నా వైపు నిక్కించి ఉన్నాయి. సూది గుచ్చినా పెనుగులాడలేదు. చివరిది నా అరచేతిలో చాలాసేపు కళ్ళు తెరిచే ఉంది. మాట కోసం చూస్తోందనిపించింది. అలా అనిపించడం సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

వేరే చోటు నుంచి తెప్పించిన ఎలుకలతో ప్రయోగం సవ్యంగా సాగింది. నా ఉద్యోగం నిలబడింది. నేను షాక్ యంత్రం ముట్టుకునే ముందు ఎవరైనా ఒకరు నా వెనక వచ్చి తీగ చూసి వెళ్తారు. మర్యాదగానే చూస్తారు, నేనూ పక్కకు జరిగి చోటిస్తాను. చెయ్యని తప్పు నా పేరు మీద ఉంది. చేసినదేమిటో ఇప్పటికీ తెలియదు.